బోణీకి అంత బలం ఉందా?

బందరు కోనేరు సెంటర్లో పొద్దున్నే షట్టరు ఎత్తిన వ్యాపారి తొలి నోటును కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తాడు. ఆ కృతజ్ఞతతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి మాటతోనే: బోణీ బాగుంటే రోజంతా బాగుంటుందట. అందుకే గుడివాడలోనైనా అవనిగడ్డలోనైనా బేరం కుదరక వెనుదిరిగిన మనిషికి ‘చెయ్యి మంచిది కాదు’ అన్న పేరు పడుతుంది. ఆ పేరు మోసేది చాలాసార్లు భర్తను పోగొట్టుకున్న ఆడమనిషే.

ఆటల్లోకీ ఈ నమ్మకం వచ్చింది. సన్నాహక మ్యాచ్‌లో సెంచరీ కొడితే సిరీస్ అంతటికీ అదే శకునం. కాకినాడ కుర్రాడు హనుమ విహారినే చూడండి. 2020 డిసెంబరులో సిడ్నీలో ఆస్ట్రేలియా-ఎ మీద గులాబీ బంతి మ్యాచ్‌లో 104 నాటౌట్. అదే మ్యాచ్ తొలి ఇన్నింగ్స్‌లో మన జట్టులో ఎక్కువ పరుగులు చేసింది ఎవరనుకున్నారు? 55 నాటౌట్‌తో బౌలర్ బుమ్రా! అది చూసి బుమ్రాను బ్యాటర్ల జాబితాలో ఎవరం చేర్చలేదు. ఎందుకంటే అతని పాత ఆట మనకు తెలుసు. అంటే మన అంచనాకు ఆధారం ఏళ్ల తరబడి ఆడిన ఆటే, ఆ ఒక్క మ్యాచ్ కాదు. మరి విహారి సెంచరీకి వేరే తూకం ఎందుకు? వారం తిరక్కుండానే మొదలైన అడిలైడ్ టెస్టులో అతను చేసినవి 16, 8. మెల్‌బోర్న్‌లో 21.

అమెరికాలో బేస్‌బాల్ అసలు సీజన్‌కు ముందు ఫ్లోరిడా, అరిజోనాల్లో ఇలాంటి మ్యాచ్‌లే జరుగుతాయి. బంతి విసిరేవాళ్లలో కొందరు చిన్న లీగుల కుర్రాళ్లు, కొందరు కొత్త ఎత్తుగడను పరీక్షించుకుంటున్న సీనియర్లు. 60 అవకాశాల్లో 15 హిట్లు కొట్టినవాడి సగటు 0.250. గాలివాటంగా మరో 4 పడితే 0.317! నాలుగంటే నాలుగు బంతులు, ఆటగాడు మాత్రం ఆ పాతవాడే. సీజన్‌లో 500 పైచిలుకు అవకాశాలొస్తే ఆ నాలుగూ ఎక్కడ కలిసిపోతాయో కనబడవు.

విహారిని ఆ మూడు స్కోర్లతోనే తూచి పక్కన పెట్టి ఉంటే 2021 జనవరి 11న సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులాడి, 23 నాటౌట్‌తో అశ్విన్‌తో కలిసి టెస్టును కాపాడేవాడా? ఒక్క పూట సెలక్షన్లలో తడబడిన దివిసీమ కుర్రాణ్ణి ఇంటికి పంపేటప్పుడు నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

కోనేరు సెంటర్ మిత్రులారా, ఒక్క నెల పాటు పొద్దుటి బోణీని, రాత్రి గల్లా లెక్కను పక్కపక్కనే రాసి చూడండి. ఆ లెక్క తేలేదాకా పొద్దున్నే మీ గుమ్మం ఎక్కిన ఏ మనిషి చెయ్యికీ పేరు పెట్టకండి.