క్రాస్ కుక్కకు జబ్బులు రావా?

మన క్వార్టర్లలో పెరిగే కుక్కలలో అనేకం ఏ ఒక్క జాతికీ చెందనివే. తల్లి ఊరకుక్క, తండ్రి ఏ ఆల్సేషియనో, లాబ్రడారో అయి ఉంటుంది. “అది క్రాస్ కుక్క, దానికి ఏ జబ్బూ రాదు” అనే మాట మనం తరచుగా వింటుంటాము. ఈ నమ్మకంలో నిజమెంత?

కొంత లేకపోలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) పరిశోధకులు 27 వేలకు పైగా కుక్కల వైద్య వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. వారు ఎంచుకున్న 24 వంశపారంపర్య రుగ్మతలలో 10 శుద్ధజాతి కుక్కలలోనే అధికం. తుంటి కీలు లోపంతో సహా 13 రుగ్మతలలో తేడా లేదు. మోకాలి లిగమెంటు తెగడం మాత్రం సంకరజాతిలోనే ఎక్కువ.

ఇక అంటువ్యాధులకు జాతిభేదమే లేదు. పార్వో సోకిన పిల్ల తిండి మాని, వాంతులు, నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజులలోనే ప్రాణాపాయ స్థితికి చేరవచ్చును. “రేపు చూద్దాము” అనుకోరాదు. డిస్టెంపర్‌లో జ్వరంతోపాటు కళ్ళు, ముక్కు కారుతాయి. తరువాత మూర్ఛలు రావచ్చును. ఈ రెండింటికీ 6–8 వారాల వయసులో తొలి టీకా వేయించి, 16 వారాలు నిండేవరకు 3–4 వారాలకొకసారి కొనసాగించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఏడాదికి మరొకటి, ఆపైన పశువైద్యుని సలహా మేరకు వేయించాలి.

వారానికొకసారైనా చెవుల లోపల, వేళ్ళ సందులలో పిడుదులను వెదకాలి. అవి తెచ్చే జ్వరంలో ముక్కు నుండి నెత్తురు కారడం ప్రమాద సూచన. నులిపురుగుల మందు క్రమం తప్పరాదు. కుక్క కడుపులోని ఏలికపాములు మట్టిలో ఆడే పిల్లలకూ సోకగలవు. మనం వాడే పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ మాత్రలను కుక్కకు సొంతంగా వేయరాదు.

చివరిగా ఒక మనవి. పెంపుడు కుక్కయే అయినా కరచినప్పుడు, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టరును సంప్రదించాలి. లక్షణాలు కనిపించిన తరువాత రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే.

మన కుక్క కులగోత్రాలు తెలియకపోయినా నష్టం లేదు. దాని టీకాల కార్డు మాత్రం ఇంట భద్రంగా ఉండాలి.