మగ్రిబ్ త్వరపడే మాసాలు



మాననీయులైన తల్లిదండ్రులారా! వానలు వెనుదిరిగాయి. తెల్లవారుజామున వజూ నీళ్ళు చేతికి చల్లగా తగిలే రోజులు వచ్చాయి. పిల్లల పాఠాలు ఎంతవరకు సాగాయి, వారి ఆరోగ్యం ఎలా ఉంది, ఇంటివద్ద మీరు గమనించవలసినదేమిటి అన్న విషయాలను ఎప్పటివలెనే ఈ నెల కూడా మీ ముందుంచుతున్నాము. వాటితోపాటు, ఏళ్ళ తరబడి మేము చేస్తూ వచ్చిన ఒక పొరపాటును కూడా ఈసారి మీతో చెప్పుకోవలసి ఉంది.

ముందుగా ఖాయిదా చదివే చిన్నారుల సంగతి. అక్షరాల గుర్తింపు అందరికీ వచ్చింది. ఇప్పుడు సాధన అంతా మఖ్రజ్‌ల మీద, అంటే ఏ అక్షరం ఎక్కడినుంచి పుట్టాలో అక్కడినుంచే పలకడం మీద సాగుతున్నది. ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్లవాని నోట ‘ఖాఫ్’ అక్షరం అలవాటుగా ‘ఖా’ అయిపోతుంది. తెలుగు మాట్లాడే ఇంటి పిల్లవాని నోట అదే అక్షరం ‘కాఫ్’గా మారుతుంది. ఇద్దరిదీ తప్పు కాదు, తల్లి ఒడిలో నేర్చిన పలుకు అది. అయితే ‘ఖల్బ్’ అంటే హృదయం; అదే కాఫ్‌తో పలికితే కుక్క అన్న అర్థం వస్తుంది. అందుకే ఒక్కొక్క అక్షరం మీద వారాల తరబడి నిలిచిపోతున్నాము. పక్కింటి పిల్లవాడు పుటలు తిప్పేస్తున్నాడు, మావాడు అక్కడే ఉన్నాడేమని దయచేసి కలత చెందకండి.

ఈ ఋతువుకు మరో చిక్కు కూడా ఉంది. జలుబు చేసిన ముక్కుతో గున్నా పలకదు. గడచిన రెండు వారాలుగా తరగతిలో సగం మందికి ముక్కు దిబ్బడే. జ్వరం ఉన్న బిడ్డను పాఠం పోతుందన్న భయంతో పంపవద్దు. పాఠం మళ్ళీ చెప్పుకోవచ్చు. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, నిలిచిన మంచినీటిలోనే పెరుగుతుంది. కనుక మా వజూ తొట్లను, డ్రమ్ములను ప్రతి గురువారం అస్ర్ తరువాత పిల్లలే ఖాళీ చేసి, రుద్ది, బోర్లించి ఆరబెడుతున్నారు. శుక్రవారం సెలవు గనుక అవి పూర్తిగా ఆరుతున్నాయి. మీ ఇంట కూడా వారానికొకసారి ఇదే పని పిల్లలచేత చేయించండి. శుభ్రత విశ్వాసంలో భాగమని వారు కంఠస్థం చేసిన మాటకు అది అభ్యాసమవుతుంది.

ఇక హిఫ్జ్ విద్యార్థులు. వీరికి రోజూ మూడు పనులుంటాయని మీకు తెలిసినదే: కొత్త సబఖ్, ఇటీవలి పాఠాల సబఖ్ పారా, పాత పారాల ఆమూఖ్తా. దసరా సెలవులకు బంధువుల ఇళ్ళకు వెళ్ళి వచ్చిన పిల్లలలో కొత్త సబఖ్ చెదరలేదు గానీ ఆమూఖ్తా బాగా సడలింది. కట్టు విప్పిన ఒంటె కంటే వేగంగా ఖుర్ఆన్ మనసునుంచి జారిపోతుందని మహాప్రవక్త (సఅసం) హెచ్చరించి ఉన్నారు. ఊరికి వెళ్ళినప్పుడు కూడా రోజుకు అర పారా వినండి. అరబీ చదవడం రాని తల్లిదండ్రులు సైతం పక్కన కూర్చుంటే చాలు. బిడ్డ ఎక్కడ తడబడుతున్నాడో ఆ మౌనమే మీకు తెలియజేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము.

మన మాసాలు చంద్రునితో నడుస్తాయి, మన నమాజులు సూర్యునితో నడుస్తాయి. హిజ్రీ సంవత్సరం ఏటా దాదాపు 11 రోజులు వెనక్కి జరుగుతుంది గనుక, పదేళ్ళ క్రితం డిసెంబరు చలిలో జరిగిన మా అర్ధ సంవత్సర పరీక్షలు ఈమధ్య సెప్టెంబరు వానలలోకి వచ్చాయి. నమాజు వేళలు అలా కాదు. హైదరాబాదులో సెప్టెంబరు ఆరంభంలో ఆరున్నర ప్రాంతంలో అస్తమించే సూర్యుడు, నవంబరు ఆరంభానికి 5.45 ప్రాంతంలోనే అస్తమిస్తాడు. ఏ ఏడైనా ఇంతే. అస్ర్ కూడా కొంత ముందుకు జరుగుతుంది. కాని బడి విడిచే గంట మాత్రం జరగదు. పిల్లలు బడినుంచి ఇంటికి చేరి, రెండు ముద్దలు తిని, వజూ చేసుకుని మక్తబ్ చేరేసరికి ఐదు దాటుతుంది. జూన్‌లో మగ్రిబ్ వరకు గంటన్నర దొరికిన చదువు శరత్తులో అరగంటకు కుదించుకుపోతుంది. అందువలన ప్రతి ఏటా ఈ దినాలలో తరగతిని మగ్రిబ్ తరువాతకు మార్చడం మాకు ఆనవాయితీ.

ఆ మార్పు తరువాత ఏం జరుగుతున్నదో హాజరు పుస్తకమే చెబుతుంది. నిరుడు ఆగస్టులో ఆడపిల్లల వరుసలో 19 మంది కూర్చునేవారు. నవంబరు చివరికి 7గురు మిగిలారు. అదే కాలంలో మగపిల్లలు 24 మందిలో తగ్గినది ఇద్దరే. మేము ప్రతిరోజూ గైర్హాజరు గుర్తు పెట్టాము. నెల గడిచాక పేరు మీద ఎర్రగీత గీశాము. ఖాళీ అయిన చోట రెహల్‌లు ఒకదానిపై ఒకటి పేర్చి అరుగు మీద పెట్టాము. ఎందుకు రావడం లేదని ఏ ఇంటి గడపకూ వెళ్ళి అడగలేదు. చీకటి పడితే ఆడపిల్లలు రారు, అది సహజమే అనుకున్నాము.

ఈ ఏడు షవ్వాల్ మాసంలో, కొత్త విద్యా సంవత్సరపు చేరికల రోజున, ఒక యువమాత తన ఐదేళ్ళ కుమారుని చేయి పట్టుకుని వచ్చారు. బాబు పేరు రాసుకున్నాము, ఖాయిదా ఇచ్చాము. ఆమె వెళ్ళలేదు. కొంతసేపు అలాగే నిలబడి, “మౌల్వీసాబ్, నేను కూడా ఇక్కడే చదివాను. నా ఖుర్ఆన్ 23వ పారాలో ఆగిపోయింది” అన్నారు.

పాత పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి. ఆమె వెళ్ళిన తరువాత వెదికాము. పదమూడేళ్ళ కిందటి పుస్తకంలో ఆమె పేరు కనబడింది. అక్టోబరు సగం వరకు ఒక్కరోజు కూడా తప్పని హాజరు. తరువాత వరుసగా గైర్హాజరు గుర్తులు. ఆ తరువాత ఎర్రగీత. ఆ గీత గీసిన చేయి మాదే.

మరునాడు బాబును దిగబెట్టడానికి వచ్చినప్పుడు, “బేటీ, ఆ ఏడు ఏమైంది?” అని అడిగాము. “చీకటి పడుతోందని ఇంట్లో వద్దన్నారు మౌల్వీసాబ్. ఎండాకాలం రాగానే పంపుతామన్నారు. ఎండాకాలానికి తమ్ముడు పుట్టాడు, అమ్మకు సాయంగా ఉండిపోయాను. తరువాత పెళ్ళి కుదిరింది” అన్నారు. కాసేపాగి, “ఎవరైనా వచ్చి అడిగితే నాన్న పంపేవారేమో” అని కూడా అన్నారు. ఆమె స్వరంలో నిష్ఠూరం లేదు. అందుకే ఆ మాట మరింత బరువుగా తగిలింది.

చీకటిలో ఆడబిడ్డను పంపడానికి జంకే తల్లిదండ్రులను మేము తప్పుపట్టడం లేదు. పొద్దు గుంకే వేళ పిల్లలను ఇంటిపట్టున ఉంచమని ప్రవక్త (సఅసం) హితవు చెప్పి ఉన్నారు. మా వీధిలో ఆ మలుపు దగ్గర దీపం వెలగని మాట నిజం, కుక్కల బెడద నిజం. మీ భయం సబబైనదే. అయితే వేళ అనుకూలం కానప్పుడు మార్చవలసినది వేళను; బిడ్డ చదువును కాదు. ఈ చిన్న సంగతి గ్రహించడానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది.

సహీహ్ బుఖారీలో ఒక ఉదంతం ఉంది. స్త్రీలు దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి, తమ సన్నిధిలో పురుషులకే అవకాశం దక్కుతున్నదని, తమకోసం ప్రత్యేకంగా ఒక దినం కేటాయించమని విన్నవించుకున్నారు. ఆయన వారికొక దినం నిర్ణయించి, ఆ రోజున వారికి బోధించారు. ఆ ఉదంతాన్ని మేము ఎన్నో ప్రసంగాలలో వినిపించాము. మా తరగతి వేళలకు మాత్రం దానిని ఏనాడూ అన్వయించుకోలేదు. విశ్వాసుల మాతృమూర్తి హఫ్సా (రజి)కు రాత నేర్పినది షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) అనే మహిళ. అబూబక్ర్ (రజి) కాలంలో సేకరించిన ఖుర్ఆన్ ప్రతి, ఉమర్ (రజి) అనంతరం భద్రంగా ఉన్నది ఆ హఫ్సా (రజి) వద్దనే. ఒక స్త్రీ మరొక స్త్రీకి నేర్పిన చదువు ఎంత దూరం పోయిందో చూడండి.

మస్జిద్ కమిటీ పెద్దలతో మాట్లాడి, అక్టోబరు మొదటి వారంనుంచి ఆడపిల్లల తరగతిని ఉదయానికి మార్చాము. 6.30 నుంచి 7.30 వరకు. అప్పటికి తెల్లగా వెలుగు వస్తుంది. బోధించేది ముఅల్లిమా. మొదట్లో తల్లులు ఒప్పుకోలేదు. నీళ్ళు వచ్చేది అప్పుడే, టిఫిన్ డబ్బాలు కట్టేది అప్పుడే, ఆడపిల్ల చేతి సాయం లేకపోతే ఎలా అన్నారు. అదీ నిజమే. అన్నదమ్ములున్న ఇళ్ళలో ఆ గంటసేపు నీళ్ళు పట్టే పని మగపిల్లలకు అప్పగించమని జుమా రోజున విన్నవించాము. ప్రవక్త (సఅసం) తమ ఇంటి పనులలో పాలుపంచుకునేవారని ఆయిషా (రజి) తెలియజేసిన సంగతి మీకు తెలియనిది కాదు. పెందలాడే బడి బస్సు ఎక్కవలసిన పిల్లలకు ఆదివారం రెండు గంటల తరగతి ఏర్పాటు చేశాము.

ఈ వేళకు వరుసలో 16 మంది ఉన్నారు. చెరువు వైపు గల్లీనుంచి ఒక దాదీమా ఆరుగురు పిల్లలను వెంటబెట్టుకుని వస్తారు. తిరిగి తీసుకుపోవడానికి గంటసేపు ఊరకే కూర్చోవడమెందుకని, ఇప్పుడు ఆమె కూడా వెనుక వరుసలో ఖాయిదా తెరిచారు. పిల్లలు ఆమె తప్పులు దిద్దుతున్నారు. ఆమె వారి చున్నీలు సరిచేస్తున్నారు.

మిగిలిన ముగ్గురి ఇళ్ళకూ ఈసారి స్వయంగా వెళ్ళాము. ఒక ఇంట తల్లి పత్తి ఏరడానికి పొద్దున్నే పొలానికి పోతారు, పెద్దమ్మాయి పసివాణ్ణి చూసుకోవాలి. పసివాణ్ణి కూడా తీసుకురమ్మన్నాము. వాడు తరగతిలో పాకుతూ రెహల్‌లు లాగుతున్నాడు. అయినా అక్క పాఠం సాగుతున్నది. రెండవ అమ్మాయి జ్వరంతో కోలుకుంటున్నది, వచ్చే వారం వస్తుంది, ఇన్షా అల్లాహ్. మూడవ ఇంట తండ్రి గౌరవంగా కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, “నమాజుకు సరిపడా సూరాలు వచ్చాయి మౌల్వీసాబ్, ఆడపిల్లకు అది చాలు” అన్నారు. మేము వాదించలేదు. మళ్ళీ వస్తామని చెప్పి లేచాము. రెండుసార్లు వెళ్ళాము, ఇంకా వెళతాము. ఆ అమ్మాయి పేరు మీద ఈసారి ఎర్రగీత గీయలేదు.

కనుక ఈ నెల మీకు మా విన్నపాలు మూడు. మొదటిది: బిడ్డను మాన్పించాలని అనుకున్నప్పుడు, మాన్పించక ముందే మాకు ఒక్క మాట చెప్పండి. కారణం ఎంత చిన్నదైనా, మేము నొచ్చుకుంటామేమోనని దాచకండి. రెండవది: ఒకే గల్లీలో ఉన్నవారు కలిసి మాట్లాడుకుని, వంతులవారీగా ఒక పెద్దవారిని పిల్లల వెంట పంపండి. మూడవది: మీ ఇంట చదువు సగంలో ఆగిన అక్కచెల్లెళ్ళు, కోడళ్ళు ఉంటే, ఏ పారాలో ఆగిందో అడిగి చూడండి. వారికి ఆ అంకె తప్పక గుర్తుండి ఉంటుంది. ఆదివారం తరగతిలో వారికి చోటు ఉంది.

ఆ యువమాత ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నారు. ముఅల్లిమా వద్ద 23వ పారాను మొదటినుంచి మళ్ళీ ప్రారంభించారు. నిన్నటికి 27వ పారా ముగిసింది. కుమారుడు ఖాయిదాలో ‘ఖాఫ్’ దగ్గర ఉన్నాడు. ఆమె ఖత్మ్ రోజున ఏమైనా చేయాలా అని కమిటీవారు అడిగారు. ఆమెనే అడిగాము. “పాత పుస్తకంలో నా పేరు ఎదుట పూర్తయిందని రాస్తే చాలు మౌల్వీసాబ్” అన్నారు. రాస్తాము, ఇన్షా అల్లాహ్.

అల్లాహ్ మన బిడ్డలందరికీ ఆరోగ్యాన్ని, ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! మా ఉపేక్షను మన్నించుగాక! ఆమీన్.

వస్సలాం.