పాత పాట పాడితే పనైపోయినట్టేనా?

పేరున్న రాక్ గాయకుడెవరైనా యాభైల నాటి పాటలతో ఆల్బం తెస్తే చాలు, "సరుకైపోయింది పాపం" అనేస్తారు మనవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

పాల్ మెకార్ట్నీనే తీసుకోండి. 1998 ఏప్రిల్లో భార్య లిండా కేన్సర్‌తో పోయింది. మరుసటి ఏడాది ఆయన 'రన్ డెవిల్ రన్' చేశాడు. 15 పాటల్లో 12 పాతవి, 3 సొంతవి. గిటార్‌కి పింక్ ఫ్లాయిడ్ గిల్మర్, డ్రమ్స్‌కి డీప్ పర్పుల్ ఇయన్ పేస్. వినండి ఒకసారి, అది సరుకైపోయిన గొంతేనా?

"కవరంటే కాపీయేగా" అంటారా? బీటిల్స్ మొదటి ఎల్పీలోనే (1963) 14 పాటల్లో 6 వేరేవాళ్ళవి. అప్పుడు లేని తప్పు ఇప్పుడెలా వచ్చింది? అయినా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ తేడా నేను చెప్పాలా! ఇంకొకడి కోడ్ వాడి పైన వాడి పేరుంచితే గౌరవం, చెరిపేస్తే దొంగతనం. కవర్‌లో రాసినవాడి పేరుంటుంది. కోర్టుకెక్కింది లెనన్ 'సొంత' పాట 'కమ్ టుగెదర్'! చక్ బెర్రీ పాటని పోలి ఉందని హక్కుదారు మోరిస్ లెవీ కేసేశాడు. 1975 నాటి లెనన్ కవర్ల ఆల్బం వెనక ఆ రాజీ ఒప్పందమే ఉంది.

రాయల్టీ రాసినవాడికి కాక హక్కులు కొన్నవాడికి పోతోందని తిట్టండి, నేనూ గొంతు కలుపుతా. అంతేగానీ, అప్పు ఒప్పుకున్నవాణ్ణి పట్టుకుని దివాలా తీశాడంటే ఎలాగండీ?

ఇంకా నమ్మకపోతే ఒక్క ప్రశ్న. ఆ 12 పాటల్ని మొదట పాడినవాళ్ళలో ఎందరి పేర్లు మీకు తెలుసు? అందుకే పాడాలి మరి!