పాత సామాను రాష్ట్రం దాటనివ్వండి

ఆన్‌లైన్‌లో మారుబేరం చేసుకుని బతికేవారి తరఫున ప్రజలకు, ప్రజాప్రతినిధులకు విన్నపం



ఆదివారం ఎర్రగడ్డ సంతలో, గురువారం జుమేరాత్ బజార్‌లో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల రాశుల ముందు గొంతుక్కూర్చుని వెతికేవాళ్లను మీరు చూసే ఉంటారు. వాళ్లలో కొందరు సొంతానికి కొనుక్కుంటారు. మరికొందరు కొన్నది ఇంటికి తెచ్చి, దుమ్ము దులిపి, చిన్నాచితకా రిపేర్లు చేసి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఆ మిగులుతోనే ఇంటి అద్దె కడతారు, పిల్లల ఫీజులు కడతారు. ఈ కరపత్రం వాళ్ల గురించి.

ఇది తేలిక పని కాదు. కెమెరా లెన్స్‌లో బూజు పట్టిందో లేదో వెలుతురుకు పట్టి చూడాలి. పాత రేడియోలో ఏ బ్యాండ్ పలుకుతోందో, ఏది మూగబోయిందో విని తేల్చాలి. ఇత్తడి బిందెకు మాటు వేశారేమో తడిమి చూడాలి. ఉన్న లోపం దాచకుండా ఫోటోలో చూపించాలి. పగలకుండా కట్టాలి, కొరియర్‌కు మోయాలి, తిరిగొస్తే నష్టం భరించాలి. కావలసిన పెట్టుబడి మాత్రం చిన్నది. ఒక ఫోన్, ఒక తూకం మిషన్, కాసిని అట్టపెట్టెలు, ఇంట్లో ఒక మూల చాలు. అందుకే పసిబిడ్డలున్న తల్లులు, ఉద్యోగం పోయినవాళ్లు, రిటైరైనా ఇల్లు గడవనివాళ్లు, చదువుకుంటూ సంపాదించుకోవాల్సిన కుర్రాళ్లు ఈ పనిలోకి వస్తున్నారు. ఎవరినీ ఉద్యోగం అడగకుండా తమ కాళ్ల మీద తాము నిలబడుతున్నారు.

వీళ్ల పనివల్ల ఊరికీ మేలే. మన వీధుల్లో 'పాత పట్టుచీరలు కొంటాం' అని కేకలు వేస్తూ తిరిగేవారిని ఎరుగుదుం. ఆ చీరల్లో చాలా వాటిని కాల్చి జరీలోని వెండి తీస్తారు. నేతగాడు రోజుల తరబడి మగ్గం మీద కూర్చుని నేసినది గంటలో బూడిదవుతుంది. అదే చీర మారుబేరగాళ్ల చేతిలో పడితే ఉతికించి, ఫాల్ మార్చి, కొత్తది కొనలేని ఇంకో ఇంటి ఆడపడుచుకు అందుతుంది. అమ్మినావిడకు వెండి ధర కాకుండా చీర ధర వస్తుంది. కట్టుకున్నావిడకు పట్టుచీర వస్తుంది. మధ్యలో ఒకరికి కూలి గిడుతుంది.

ఇంత మేలు చేసే పనికి ఒక్కచోట పెద్ద అడ్డు ఉంది. అది రాష్ట్రం సరిహద్దు.

అడ్డు ఎక్కడుంది?

జీఎస్టీ చట్టం చిన్న వ్యాపారిని మినహాయించింది. సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాది అమ్మకాలు ఆంధ్రప్రదేశ్‌లో ₹40 లక్షలు, తెలంగాణలో ₹20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2023 అక్టోబరు 1 నుంచి, ఈ పరిమితి లోపు ఉన్నవారు పెద్ద ఈ-కామర్స్ సంస్థల ద్వారా కూడా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్ముకోవచ్చు. పాన్ ఇచ్చి ఒక నమోదు సంఖ్య తీసుకుంటే చాలు. ఇది మంచి మార్పు. కానీ ఇదంతా సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే. పన్ను వర్తించే వస్తువు ఒక్కటి రాష్ట్రం దాటినా, దాని ధర ₹300 అయినా, కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 24వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తీసుకోకపోతే జరిమానా ₹10,000 నుంచి మొదలవుతుంది.

దీని ఫలితం చూడండి. కోదాడలో ఉన్న మారుబేరగాడు ఒక పాత కెమెరాను ఆదిలాబాద్ దాకా పంపవచ్చు. పక్కనే ఉన్న జగ్గయ్యపేటకు పంపకూడదు. కర్నూలు నుంచి వచ్చిన ఒకాయన హైదరాబాద్‌లో మన గుమ్మం ముందు నిలబడి ఒక కెమెరా కొని సంచిలో వేసుకుని వెళ్తే ఏ చిక్కూ లేదు. అదే మనిషి బస్సు ఛార్జీలు ఎందుకని కొరియర్‌లో పంపమంటే చట్టం అడ్డొస్తుంది. వస్తువు అదే, ధర అదే, ఇద్దరు మనుషులూ వాళ్లే. 2014 దాకా ఒకే రాష్ట్రంగా ఉన్న జనం మధ్య ఈ గీత మరీ కష్టంగా తగులుతోంది. ఇక బెంగళూరు, చెన్నై, బళ్లారి, బరంపురంలలో ఉన్న తెలుగువాళ్లకు అమ్మమ్మల కాలం నాటి మరచెంబు, ఊరగాయ జాడీ పంపాలన్నా ఇదే ఇబ్బంది.

పుస్తకాలకు ఈ బాధ లేదు. వాటి మీద జీఎస్టీ లేదు కనుక పుస్తకాలు మాత్రమే అమ్మేవారు ఎక్కడికైనా పంపుకోవచ్చు. చీరలు, పాత్రలు, కెమెరాలు, వాచీలు, ఆటబొమ్మలు అమ్మేవారి దగ్గరే చిక్కంతా.

ఈ వ్యాపారానికి ఊరూరా కొనేవాళ్లుండరు. ఒక పాత లెన్స్ కావలసినవాడు రాష్ట్రమంతా గాలిస్తే ఒకడు ఉంటాడో లేదో. దేశమంతా గాలిస్తే నలుగురుంటారు. కొత్త చొక్కా అమ్మే కొట్టుకు వీధి చాలు. పాత వస్తువుకు దేశం కావాలి. ఆన్‌లైన్ ఇచ్చిన అసలు వరం అదే. సరిహద్దు దగ్గర ఆపితే ఆ వరం ఉండీ లేనట్టే.

రిజిస్ట్రేషన్ తీసుకుంటే పోలేదా?

చాలామంది ఇలాగే అడుగుతారు. రిజిస్ట్రేషన్‌కు రుసుము లేని మాట నిజమే. ఆ తర్వాతే భారం మొదలవుతుంది. అద్దె ఇంట్లో ఉండేవారు ఇంటి యజమాని సంతకంతో అద్దె ఒప్పందమో సమ్మతి పత్రమో తేవాలి. ఇంటిని వ్యాపార స్థలంగా చూపిస్తే కరెంటు బిల్లు, ఇంటి పన్ను పెరుగుతాయన్న భయంతో చాలామంది యజమానులు ఆ సంతకం పెట్టరు. ఏమీ అమ్మకపోయినా రిటర్న్ వేయాలి. మరచిపోతే రోజుకు ₹20, అమ్మకాలుంటే రోజుకు ₹50 ఆలస్య రుసుము. మిగతా చిన్న వ్యాపారులకున్న లక్షల మినహాయింపు పోయి, మొదటి రూపాయి నుంచీ పన్ను లెక్క మొదలవుతుంది. నెలకు పది వస్తువులు అమ్ముకునే మనిషి సంపాదనలో పెద్ద ముక్క అకౌంటెంటుకే పోతుంది.

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం, ఈ-కామర్స్ ద్వారా పలు రాష్ట్రాల్లో అమ్మే చిన్న వ్యాపారులకు సులభ రిజిస్ట్రేషన్ విధానాన్ని సూత్రప్రాయంగా ఆమోదించింది. దాన్ని స్వాగతిస్తున్నాం. అయితే రిజిస్ట్రేషన్ సులువు చేయడం వేరు, చిన్నవాళ్లకు అక్కర్లేదనడం వేరు. మేము అడుగుతున్నది రెండోది.

ఇది ఎన్నడూ లేని కోరిక కాదు. సేవలు అందించేవారికి 2017 అక్టోబరులోనే ఈ వెసులుబాటు ఇచ్చారు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రం పిల్లలకు పాఠాలు చెప్పేవారికి ₹20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చేతివృత్తుల వస్తువులు రాష్ట్రం దాటించేవారికి కూడా అదే ఏడాది కొన్ని షరతులతో మినహాయింపు దొరికింది. పాఠం దాటవచ్చు, కొత్త కొండపల్లి బొమ్మ దాటవచ్చు. ఒక ఇంట్లో ఇరవై ఏళ్లు వాడిన ఇత్తడి బిందె దాటకూడదంటే న్యాయం ఎక్కడుంది?

ప్రభుత్వానికి నష్టం ఉండదా?

ఉండదు. పాత వస్తువు మీద పన్ను అది కొత్తగా ఉన్నప్పుడే కట్టారు. ఈ సంగతిని చట్టమూ గుర్తించింది. జీఎస్టీ నిబంధనల్లో 32(5) ప్రకారం, పాత వస్తువుల వ్యాపారి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) వాడుకోకపోతే మొత్తం ధర మీద కాకుండా కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను కడతాడు. ₹4,000కు కొని ₹5,000కు అమ్మితే పన్ను లెక్క ₹1,000 మీదే. అంత చిన్న తేడా మీద అంత చిన్న వ్యాపారి దగ్గర వసూలయ్యేది, దాని లెక్కలు చూసే ఖర్చుకైనా సరిపోదు. పరిమితి దాటి ఎదిగినవారు పన్ను కట్టాల్సిందే, కడతాం కూడా. అమ్మకాలు పాన్‌తో ముడిపడి ఉన్నాయి కనుక పరిమితి దాటినవారిని పట్టుకోవడం కష్టం కాదు.

ఇప్పుడు జరుగుతున్నదే అసలు నష్టం. నియమం తెలియక కొందరు రాష్ట్రం దాటించి చట్టం ముందు దోషులవుతున్నారు. తెలిసినవారు భయపడి ఊరుకుంటున్నారు. పనికొచ్చే సామాను తుక్కు కింద కరుగుతోంది.

ఇంకో రెండు కష్టాలు

ఒకటి బ్యాంకు ఖాతా. మోసగాడు ఎవరి దగ్గరో కాజేసిన డబ్బుతో మన దగ్గర ఒక ఫోన్ కొంటాడు. ఆ డబ్బు జాడ పట్టుకుని పోలీసులు బ్యాంకుకు రాస్తారు. వచ్చింది ₹3,000 అయినా కొన్నిసార్లు ఖాతా మొత్తం స్తంభించిపోతుంది. కేసు ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంటుంది. నిజాయితీగా వస్తువు పంపినవాడికి బియ్యం కొనడానికి కూడా చేతిలో డబ్బుండదు. వివాదంలో ఉన్న మొత్తం వరకే నిలపాలని కేరళ హైకోర్టు 2023లో ఒక కేసులో బ్యాంకులకు చెప్పింది. అది దేశమంతటా నియమం కావాలి.

రెండోది తపాలా. పాత పుస్తకాల వ్యాపారానికి చవక తపాలాయే ఊపిరి. పుస్తకాల కోసం తపాలా శాఖ 2025 మే 1న మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా ₹20, అయిదు కిలోలకు ₹100, పన్నులు అదనం. మంచి పథకమే. అయితే పత్రికలను ఇందులో తీసుకోరు. 1947లో మొదలైన చందమామ, 1924 నాటి భారతి వంటి పత్రికల పాత సంచికల కోసం పరిశోధకులు, పాఠకులు ఈనాటికీ వెతుకుతున్నారు. ఎప్పుడో ఆగిపోయిన పత్రిక పాత సంచికను పుస్తకంగానే చూడాలి.

మేము కోరేవి

1. ఏడాది అమ్మకాలు పరిమితి లోపు ఉన్న పాత వస్తువుల వ్యాపారులకు, సరుకు రాష్ట్రం దాటినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఇవ్వాలి. పాన్‌తో నమోదు సంఖ్య తప్పనిసరి చేయండి, అభ్యంతరం లేదు.

2. తెలంగాణలో సరుకుల వ్యాపారుల పరిమితిని ₹20 లక్షల నుంచి ₹40 లక్షలకు పెంచాలి.

3. సైబర్ నేరాల కేసుల్లో అమ్మకందారు ఖాతా మొత్తాన్ని కాక వివాదంలో ఉన్న సొమ్మునే నిలపాలి. బిల్లు, కొరియర్ రసీదు చూపినవారి అర్జీని గడువు పెట్టి తేల్చాలి.

4. ఆగిపోయిన పత్రికల పాత సంచికలకు జ్ఞాన్ పోస్ట్ వర్తింపజేయాలి.

మా వంతు మాట

హక్కు అడిగేవాళ్లం బాధ్యత కూడా తీసుకోవాలి. దొంగసొత్తు అమ్ముతారన్న అనుమానం ఈ వ్యాపారాన్ని ఎప్పటినుంచో వెంటాడుతోంది. దాన్ని పోగొట్టాల్సింది మనమే. తోటి మారుబేరగాళ్లందరికీ మా మనవి ఇది.

కొన్న ప్రతి వస్తువుకూ చీటీ రాయించుకోండి. అమ్మినవారి పేరు, ఫోన్ నంబరు, తేదీ, ధర, సంతకం అందులో ఉండాలి. ఫోన్ కొనేముందు KYM (కేవైఎం) అని కొట్టి, ఖాళీ వదిలి, పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపండి. దొంగిలించినదని తేలితే ముట్టుకోకండి. దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. నూరేళ్లు దాటిన విగ్రహాలు, నాణేలు, కళాఖండాలు 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం పురావస్తువులు. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించకూడదు. లోపం ఉంటే ఫోటోలోనూ రాతలోనూ చెప్పండి. డబ్బు రావడానికి పిన్ కొట్టమని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమని ఎవరన్నా అంటే అది మోసమే. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మీరు చేయాల్సింది

జీఎస్టీ కౌన్సిల్‌లో ప్రతి రాష్ట్రానికీ ఓటుంది. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులు కలిసి ఈ మాట అక్కడ ఎత్తితే మిగతా రాష్ట్రాలు వినక తప్పదు. ఇది ఏ పార్టీ వ్యవహారమూ కాదు. కొనేవారైనా అమ్మేవారైనా, మీ ఎమ్మెల్యేకు, ఎంపీకి, రాష్ట్ర ఆర్థిక మంత్రికి ఒక్క కార్డు రాయండి. ఏం రాయాలో తోచకపోతే ఈ నాలుగు వాక్యాలు చాలు:

'అయ్యా, ఇంట్లో ఉండి పాత వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్ముకునే చిన్నవారికి, సొంత రాష్ట్రంలో ఉన్న జీఎస్టీ మినహాయింపు పక్క రాష్ట్రానికి పంపినప్పుడు లేదు. సేవలకు, చేతివృత్తులకు ఇచ్చిన వెసులుబాటునే వీరికీ ఇవ్వాలి. రాబోయే జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో ఈ విషయం ప్రతిపాదించండి. మీరు ఏం చేశారో మాకు జవాబు రాయండి.'

కింద మీ పేరు, ఊరు, నియోజకవర్గం రాసి ఈ వారంలోనే పంపండి. జవాబు రాకపోతే మళ్లీ రాయండి. ఈ కరపత్రం చదివాక పక్కింటివారికి ఇవ్వండి.

ఇట్లు,
ఆన్‌లైన్‌లో పాత వస్తువుల మారుబేరంతో బతికే మేము