వ్యసనానికి వైద్యం కావాలి

పైరుకు తెగులు సోకితే అప్పు చేసైనా మందు తెస్తాం. గొడ్డుకు గాలికుంటు వస్తే డాక్టరును పిలుస్తాం. ఇంట్లో మనిషి తాగుడుకు బానిసైతే మాత్రం తిట్టడం, కొట్టడం, పెద్దమనుషుల ముందు ఒట్టు వేయించడంతో సరిపెడతాం. మూడు రోజులు తిరక్కుండానే అతను ఒట్టు తీసి గట్టున పెడతాడు. 'సిగ్గులేనివాడు' అని ఊరంతా తేల్చేస్తుంది.

సిగ్గు ఉన్నవాడు కూడా ఎందుకు మానలేకపోతున్నాడో వైద్యులు చెబుతున్నారు. ఆకలి తీరినా, పంట చేతికొచ్చినా మన మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిచేస్తుంది. 'ఇది బాగుంది, మళ్ళీ కావాలి' అనిపించేది అదే. సారా, గంజాయి, మత్తుబిళ్ళలు ఆ రసాయనాన్ని అవసరానికి మించి పొంగిస్తాయి. రోజూ అదే జరిగితే మెదడు దానికి తగ్గట్టు మారిపోతుంది. పిల్లల నవ్వు, పండగ భోజనం చప్పబడతాయి. 'ఇక చాలు, ఆగు' అని చెప్పే మెదడు ముందుభాగం పట్టు సడలుతుంది. కట్టకు గండి పడ్డాక నీళ్ళను తిట్టి ఏం లాభం? గండి పూడ్చాలి.

తాగిన ప్రతివాడూ బానిస కాడు. వంశపారంపర్యంగా వచ్చే గుణం, చిన్న వయసులోనే మొదలుపెట్టడం, అప్పుల దిగులు, మూలమూలనా దొరికే సరుకు కలిసి కొందరిని ముంచుతాయి.

తెలంగాణలో 2015లో జరిగింది మరచిపోకూడదు. కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా తగ్గగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి ఎంతోమంది వణుకుతో, ఫిట్స్‌తో, మతి చెదిరి ఆసుపత్రుల పాలయ్యారు. కల్లులో కలిపిన అల్ప్రాజోలం, డైజిపాం వంటి మందులకు వాళ్ళ మెదడు అలవాటుపడిపోయింది. కల్తీని అరికట్టాల్సిందే. కానీ వైద్యం సిద్ధం చేయకుండా సరుకు ఒక్కటే ఆపితే ఆ దెబ్బ పడేది కూలీ మీద, చిన్న రైతు మీద.

'జబ్బు అంటే తాగుబోతును వెనకేసుకొచ్చినట్టు కాదా?' అని మన అక్కచెల్లెళ్ళు అడుగుతారు. దెబ్బలు తిన్నది వాళ్ళు, పుస్తెలు తాకట్టుపడింది వాళ్ళవి. ఆ ప్రశ్న న్యాయమైనదే. భార్యను కొట్టినవాడు కొట్టినదానికి జవాబు చెప్పాల్సిందే. షుగరు ఉన్నవాడు మందు వేసుకోవడం తన బాధ్యత అయినట్టే, వైద్యానికి రావడం ఇతని బాధ్యత. మందు అందుబాటులో ఉంచడం ప్రభుత్వ బాధ్యత. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాపై తిరగబడ్డారు. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. దుకాణం మూసినా, తెరిచినా ఆసుపత్రిలో మంచం మాత్రం పెరగలేదు.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యం వల్ల సాయం అవసరమైన స్థితికి చేరినవాళ్ళు దేశంలో సుమారు 5.7 కోట్లు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. అంటే వైద్యం అడగడం మన హక్కు.

ఏళ్ళ తరబడి రోజూ తాగేవాణ్ణి గదిలో పెట్టి తాళం వేయకండి. ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. డాక్టరు దగ్గరే మాన్పించాలి. కోరిక తగ్గించే మందులున్నాయి. మానినవాడు మళ్ళీ తాగితే వైద్యం మళ్ళీ మొదలుపెట్టాలి, బీపీ మళ్ళీ పెరిగితే చేసినట్టే. 14446కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

ప్రతి ఏరియా ఆసుపత్రిలో వ్యసన చికిత్సకు మంచాలు, డాక్టరు ఉండాలి. మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా ఇవ్వాలి. మద్యం ఆదాయంలో కొంత దీనికి కేటాయించాలి. ఎరువుల కోసం, గిట్టుబాటు ధర కోసం ఇచ్చే వినతిపత్రాల్లో ఈ మూడు డిమాండ్లూ చేరాలి. గ్రామ కమిటీలు ఈ నెల సమావేశంలో దీన్ని చర్చకు పెట్టాలి.