డబ్బా మన కళ్ల ముందే తెరవాలి

కారు యజమానులకు, క్యాబ్ డ్రైవర్లకు, షెడ్డు నడిపే మెకానిక్ మిత్రులకు విజ్ఞప్తి



కారు కొనేటప్పుడు నెలల తరబడి ఆలోచిస్తాం. రంగు దగ్గర్నుంచి మైలేజీ దాకా పదిమందిని అడుగుతాం. అదే కారుకు ఆయిల్ మార్పించే రోజున మాత్రం తాళాలు మెకానిక్ చేతిలో పెట్టి, "ఏదో మంచిది వేసెయ్ అన్నా" అనేసి టీ కొట్టు వైపు నడుస్తాం. ఏ ఆయిల్ వేశాడో, ఎంత వేశాడో, ఫిల్టర్ మార్చాడో పైపైన తుడిచి వదిలేశాడో మనకు తెలియదు. బిల్లు మీద 'ఇంజిన్ ఆయిల్' అన్న రెండు ముక్కలు, పక్కన ఒక అంకె ఉంటాయి. చాలాచోట్ల బిల్లే ఉండదు.

ఈ పద్ధతి మారాలి. కారుతో పాటు వచ్చిన పుస్తకంలో ఏ ఆయిల్ రాసి ఉంటే అదే వేయాలి. సీలు డబ్బా మన ముందే తెరవాలి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టరూ మార్చాలి. వేసిన ఆయిల్ గ్రేడు, ఫిల్టర్ నంబరు బిల్లు మీదికి ఎక్కాలి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, గాజువాకలోనైనా, మీ వీధి చివర చెట్టు కింది షెడ్డులోనైనా ఇదే రివాజు కావాలని మా కోరిక.

చిక్కగా ఉంటే మంచిదేనా?

"మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు సార్, ట్వంటీ-ఫిఫ్టీ వేద్దాం." ఈ మాట వినని కారు యజమాని అరుదు. అంబాసిడర్, పద్మిని కార్ల రోజుల్లో దానికి అర్థం ఉండేది. ఆ ఇంజిన్లలో సందులు ఎక్కువ, ఆ ఆయిళ్లు వేడికి తొందరగా పల్చబడేవి. ఇప్పుడు ఇంజినూ మారింది, ఆయిలూ మారింది. సలహా ఒక్కటే మారలేదు.

రెంటచింతల మే నెల ఎండలో నడిపినా, లంబసింగి జనవరి చలిలో నడిపినా, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక లోపలి ఆయిల్ మామూలుగా 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వేడిని అదుపులో ఉంచడానికే థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాను ఉన్నాయి. డబ్బా మీద '5డబ్ల్యూ-30' అని ఉంటే, ముందు అంకె చలిలో ఆ ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనక అంకె 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం ఎంతో చెబుతుంది. అంటే వేడికి సంబంధించిన లెక్క ఆ వెనక అంకెలో ఎప్పుడో వేసేశారు. బయట నలభై అయిదు డిగ్రీలు ఉన్నాయని మనం మళ్లీ కొత్తగా వేయనక్కర్లేదు.

ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి కంపెనీ చెప్పేది 0డబ్ల్యూ-20 లేదా 5డబ్ల్యూ-30. కొన్నిటికి అంతకంటే పల్చటి 0డబ్ల్యూ-16 కూడా ఉంది. ఈ ఇంజిన్లలో ఆయిల్ పని బేరింగులను తడపడంతో అయిపోదు. వాల్వులు తెరుచుకునే సమయాన్ని వేగాన్ని బట్టి మార్చే ఏర్పాటు చాలావాటిలో ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది. దానికి ఆయిల్ వెళ్లే దారులు సన్నవి. అక్కడ చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే పైదాకా చేరడం ఆలస్యమవుతుంది. మైలేజీ కూడా ఎంతో కొంత తగ్గుతుంది.

మరి బాగా తిరిగిన పాత బండి, ఆయిల్ తాగుతున్న బండి సంగతి? కొన్ని కార్ల పుస్తకాల్లో ఒకటికి రెండు మూడు గ్రేడ్లు పట్టికగా ఇస్తారు. అందులో చిక్కటిది ఎంచుకోవడంలో తప్పు లేదు. పట్టిక దాటి పోవద్దనే మేం చెప్పేది.

గ్రేడు చూసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏపీఐ అని, దాని పక్కన రెండు అక్షరాలు ఉంటాయి. పెట్రోల్ ఇంజిన్ల వరుస 'ఎస్'తో మొదలవుతుంది. 2010లో ఎస్‌ఎన్ వచ్చింది, 2020లో ఎస్‌పీ వచ్చింది. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో తక్కువ వేగంలో పెట్రోల్ ముందుగానే భగ్గుమని పిస్టన్‌ను దెబ్బతీసే జబ్బుకు, టైమింగ్ చైన్ అరుగుదలకు ఎస్‌పీలో పరీక్షలు పెట్టారు. మీది టర్బో పెట్రోల్ అయితే పాత స్టాకు డబ్బాను తక్కువ ధరకు ఇస్తామన్నా వద్దనండి. డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాల్లో 'సింథటిక్' అని ఉందని మురిసిపోకుండా, వెనక్కి తిప్పి చదవండి.

డీజిల్ కార్లవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చాక, డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. పట్టిన మసిని బండే అప్పుడప్పుడు కాల్చేసుకుంటుంది. ఆయిల్‌లోని లోహపు మందుల వల్ల వచ్చే బూడిద మాత్రం కాలదు, అక్కడే పేరుకుపోతుంది. అందుకే ఈ బళ్లకు బూడిద తక్కువ వదిలే ఆయిల్ కావాలి. డబ్బా మీద ఏసీఈఏ సీ2, సీ3 వంటి గుర్తు ఉంటుంది, మీ పుస్తకంలో ఏది రాశారో అదే చూసుకోండి. లారీకి పోసే డీజిల్ ఆయిల్ తెచ్చి "డీజిలేగా" అని పోస్తే, తర్వాత ఆ మసి ఫిల్టర్‌కు పెట్టే ఖర్చు ముందు ఆయిల్ మీద మిగిలినది ఏ మూలకూ రాదు. ఇంకో మాట. సిటీలో చిన్న చిన్న దూరాలే తిరిగే డీజిల్ కారులో ఆ కాల్చే పని మధ్యలో ఆగిపోతూ ఉంటే, డీజిల్ ఆయిల్‌లో కలిసి డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. ఆయిల్ పెరిగిందని సంతోషించకండి, వెంటనే చూపించండి.

అన్నట్టు, డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడితే డూప్లికేట్ అని గొడవకు దిగకండి. మసిని తనలో కలుపుకుని మోయడం ఆయిల్ చేయాల్సిన పనే.

ఫిల్టర్ సంగతి

"థ్రెడ్ పట్టింది కదా సార్, సరిపోతుంది." ఆయిల్ ఫిల్టర్ దగ్గర జరిగే మోసంలో, అజ్ఞానంలో ఎక్కువ భాగం ఈ ఒక్క మాటలో ఉంది. పాత ఫిల్టర్ ఒకదాన్ని కోసి చూపించమని మెకానిక్‌ను అడగండి. రేకు డబ్బా లోపల మడతలు మడతలుగా ఫిల్టర్ కాగితం కనిపిస్తుంది. ఆ కాగితం ఎంత ఉంది, మడతలు సమానంగా ఉన్నాయా, చివర్లు గట్టిగా అతికాయా అన్నదాన్ని బట్టే అది పట్టే మురికి. లోపల స్ప్రింగుతో ఒక బైపాస్ వాల్వు ఉంటుంది. కాగితం మూసుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా, ఇంజిన్ ఎండిపోకుండా అది తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నే పంపిస్తుంది. ఆ స్ప్రింగు ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఇంజిన్‌ను బట్టి ఉంటుంది. కొన్ని కార్లలో ఈ వాల్వు ఇంజిన్‌లోనే ఉంటుంది. లోపలి అంచున రబ్బరు పొర ఒకటి ఉంటుంది. ఇంజిన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపేది అదే. అది నాసిరకమైతే పొద్దున స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు టకటకమని చప్పుడు వస్తుంది. ఆ కాసేపూ పై భాగాలు ఆయిల్ లేకుండానే తిరుగుతున్నాయని అర్థం.

బయటికి ఒకేలా కనిపించే రెండు ఫిల్టర్లలో ఇవన్నీ వేరుగా ఉండొచ్చు. అందుకే పార్టు నంబరు చూసి కొనాలి. చిన్న కార్లలో చాలావాటికి అసలు ఫిల్టర్ రెండు మూడు వందల లోపే దొరుకుతుంది. "ఈసారికి ఫిల్టర్ వద్దులే" అనడం తెలివైన పొదుపు కాదు. పాత ఫిల్టర్‌లో మిగిలిన నల్లటి ఆయిల్ కొత్తదానిలో కలుస్తుంది. బిగించేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడమనండి. రెండు రింగుల మీద బిగిస్తే హైవే మీద ఆయిల్ మొత్తం కారిపోతుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి చేత్తో బిగిస్తే చాలు, పానతో బలమంతా చూపించాల్సిన పని లేదు.

మెకానిక్ కడుపు కొట్టమనడం లేదు

దీనికంతా మెకానిక్‌ను ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. లేబర్ మూడొందలంటే రెండొందలకు బేరమాడతాం, ఆయిల్ రెండు వేలంటే మారు మాట్లాడకుండా ఇస్తాం. మరి అతని సంపాదన ఎక్కడి నుంచి రావాలి? డబ్బా మీద కమీషన్ నుంచి వస్తుంది. ఏ సరుకు మీద ఎక్కువ మిగిలితే అదే మంచి ఆయిల్ అయిపోతుంది. మూడు లీటర్లు పట్టే బండికి నాలుగు రాస్తారు. లేదా నాలుగూ పోసేస్తారు. మట్టం గీత దాటితే క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగును కాపాడదు. కాబట్టి లేబర్ న్యాయంగా ఇద్దాం, సరుకు దగ్గర లెక్క అడుగుదాం. నిజాయితీగా పనిచేసే మెకానిక్‌కు దీనివల్ల మేలే. పక్క షెడ్డులో డ్రమ్ములోంచి లూజు ఆయిల్ పోసేవాడితో ధరలో పోటీ పడలేక ఇవాళ నష్టపోతున్నది అతనే.

ఖాళీ డబ్బాకు కూడా బజారులో ధర ఉంది. వాడిన ఆయిల్‌ను పైపైన శుభ్రం చేసి, రంగు వేసి, పేరున్న కంపెనీ పాత డబ్బాలో నింపితే మళ్లీ కొత్త సరుకు తయారు. అందుకే ఆయిల్ పోశాక ఆ డబ్బాకు మీ ముందే స్క్రూడ్రైవర్‌తో చిల్లు పెట్టించండి. మిగిలిన ఆయిల్ ఉంటే ఆ డబ్బాతోనే ఇంటికి తెచ్చుకోండి, టాపప్‌కు పనికొస్తుంది.

చట్టం మన వైపే ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకు అమ్మాక, సేవ చేశాక బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. 1999 ట్రేడ్ మార్కుల చట్టం కింద నకిలీ గుర్తు వేసిన సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఏ ఫిర్యాదుకైనా చేతిలో కాగితం కావాలి, అందుకే బిల్లు మీద గ్రేడు, బ్రాండు, లీటర్లు, ఫిల్టర్ నంబరు రాయించమనేది. వారంటీలో ఉన్న బండికి కూడా ఆ కాగితమే రక్ష.

పాత ఆయిల్ ఎక్కడికి పోతోంది? కొంత మురుగు కాలవలోకి పోతోంది, కొంత సెంట్రింగ్ రేకులకు పూస్తున్నారు, కొంత మళ్లీ డబ్బాల్లోకే వస్తోంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత ఆయిల్ అమ్మే కంపెనీల మీద పెట్టారు. అయితే షెడ్డువాడు డ్రమ్ము నింపి ఎవరికి ఇవ్వాలో చెప్పేవాళ్లు ఉండాలి కదా. ప్రతి ఆటోనగర్‌లో, ప్రతి పురపాలక సంఘంలో అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకు పంపే సేకరణ చోటు ఒకటి ఏర్పాటు చేయాలని కార్పొరేషన్లను, కాలుష్య నియంత్రణ మండళ్లను కోరుతున్నాం.

క్యాబ్ సోదరులకు ఒక మాట. చాలా కార్లకు పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటారు. అది మామూలు వాడకానికి చెప్పిన లెక్క. సిగ్నళ్ల దగ్గర, ఎయిర్‌పోర్టు క్యూలో ఏసీ వేసి ఆన్‌లో ఉంచిన గంటలు మీటరు మీద కనిపించవు, ఆయిల్ మీద కనిపిస్తాయి. పుస్తకంలో కఠిన వాడకానికి వేరే పట్టిక ఉంటుంది, మీరు చూడాల్సింది అది.

వచ్చేసారి సర్వీసుకు వెళ్లేటప్పుడు డ్యాష్‌బోర్డు అరలో పడి ఉన్న ఆ పుస్తకాన్ని బయటికి తీసి, ఆయిల్ గ్రేడు ఉన్న పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. షెడ్డులో ఆ ఫొటో చూపించండి. పని అయ్యేదాకా బండి పక్కనే నిలబడండి. ఈ కరపత్రం చదివాక పారేయకుండా మీ మెకానిక్‌కు ఇచ్చి రండి.