ఖాళీ భూమి అని ఎవరన్నారు?



ఈసారి అమెరికా పోయిన నార్వే రైతుల గురించి రాస్తున్నాను. నార్వే చలి దేశం. అంతా కొండలు, రాళ్లు. నూటికి మూడు పాళ్ల నేలే సాగుకు పనికొస్తుంది. పెద్ద కొడుక్కి పొలం, మిగతావాళ్లకు కౌలు, కూలి. 1825లో 52 మంది ఓడెక్కి అమెరికా పోయారు. తర్వాత నూరేళ్లలో ఎనిమిది లక్షల మంది పైనే పోయారు.

1862లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఐదేళ్లు అక్కడే ఉండి దున్నితే 160 ఎకరాలు నీవే. పెళ్లికాని ఆడపిల్లకి 21 ఏళ్లు నిండితే ఆమె పేరు మీదే ఇచ్చారు. ఇది నాకు బాగా నచ్చింది. మనలో ఎంతమంది అమ్మల పేరున పట్టా ఉంది? చేతులెత్తండి చూద్దాం.

డకోటా మైదానాల్లో చెట్లు లేవు. గడ్డి వేర్లతో గట్టిపడ్డ మట్టిని నాగలితో పెళ్లలుగా కోసి, ఇటుకల్లా పేర్చి ఇళ్లు కట్టుకున్నారు. వానొస్తే పైకప్పులోంచి బురద కారేది. పొయ్యిలోకి పిడకలు, మెలిపెట్టిన ఎండు గడ్డి. 1870లలో మిడతల దండు వచ్చి పైరంతా తినేసింది. ఈ కష్టం మన అమ్మానాన్నలకు చెప్తే వెంటనే అర్థమవుతుంది.

కానీ ఈ కథ చెప్పేవాళ్లు "ఖాళీ భూమికి వచ్చారు" అంటారు. అక్కడే నాకు కోపం. డకోటా అన్న పేరే అక్కడి ఆదివాసులది గదా! అదే 1862లో, మిన్నెసోటాలో, ఇస్తామన్న డబ్బు, తిండి అందక వాళ్లు తిరగబడ్డారు. ఆ పోరులో వలస రైతులూ చాలామంది చచ్చిపోయారు, అదీ చెప్పాలి. డిసెంబరు 26న 38 మంది డకోటాలను ఒకేసారి ఉరి తీశారు. మరుసటేడు మిగిలినవాళ్లను ఆ రాష్ట్రం నుంచి వెళ్లగొట్టారు. స్పిరిట్ లేక్ అనే చోట వాళ్లకని ఉంచిన భూమిలో కూడా 1904లో బయటివాళ్లకు దారి తెరిచారు. 1929 నాటికి అక్కడ డకోటాల కన్నా నార్వే, స్వీడన్ లాంటి దేశాలవాళ్ల చేతిలోనే ఎక్కువ భూమి ఉంది.

నార్వేవాళ్లను దొంగలు అనను. సొంత ఊళ్లో సెంటు నేల లేక వచ్చారు. కాగితం ఇచ్చింది ప్రభుత్వం.

మా గదిలో ఒక అక్క, "ఊరికే పడున్న నేలను సాగు చేశారు, తప్పేంటి?" అంటుంది. అక్కా, దున్నకపోతే ఖాళీయేనా? మనం అడవిలో చింతపండు, అడ్డాకులు ఏరుకుంటాం. అక్కడ నాగటి చాలు కనబడదు. బయటివాడు చూస్తే అదీ ఖాళీయే. డకోటాలకు ఆ మైదానం వేటకు, దుంపలకు, పండ్లకు.

అక్క వచ్చే నెల జవాబు రాస్తానంది. పక్కన చోటు వదిలిపెట్టండి.